డీజిల్ ఎంత చలికి తాళుతుందో బంకుల్లో రాసి పెట్టాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

గత నెల మీ ఆదివారం అనుబంధంలో హిమాలయ ప్రాంతాల శీతకాల యాత్ర గురించి వచ్చిన వ్యాసాన్ని మా ఇంట్లో అందరమూ చదివాము. ఏ ఉన్ని దుస్తులు కొనుక్కోవాలి, ఎత్తయిన చోట ఊపిరి అందకపోతే ఏం చేయాలి, ఏ ఊళ్లో బస దొరుకుతుంది అన్న విషయాలు అందులో ఎంతో శ్రద్ధగా రాశారు. అయితే సొంత బండిలో వెళ్లి రండని ప్రోత్సహించిన ఆ వ్యాసంలో, గడ్డకట్టే చలిలో రాత్రంతా ఆరుబయట నిలబడిన డీజిల్ బండి మర్నాడు పొద్దున కదలాలంటే ముందు రోజే ఏమేమి చేసి ఉండాలో ఒక్క వాక్యం కూడా లేదు. అది చిన్న లోపం కాదని నా అనుభవం చెబుతోంది. ఉత్తరం పొడవైనా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

నాది మదనపల్లె. బెంగళూరు కలాసిపాళ్యంలో ముప్పై ఏళ్లకు పైగా ఇంజనుకు డీజిల్ అందించే పంపులు, దాన్ని సిలిండరులోకి చిమ్మే నాజిళ్ల మరమ్మతు పనిలో ఉన్నాను. ఇన్నేళ్లు డీజిల్‌తోనే బతికినా, అది గడ్డకట్టడం నేను కళ్లారా చూసింది మాత్రం గడిచిన జనవరిలోనే. మనం బతికే చోట ఆ దృశ్యం చూసే అవసరం రాదు. బెంగళూరు నగరంలో ఇప్పటివరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1884 జనవరిలో 7.8 డిగ్రీలు. లంబసింగిలో మంచు పడిందని మనం వింతగా చెప్పుకునే రోజున కూడా అక్కడి చలి సున్నా దరిదాపుల్లోనే ఆగిపోతుంది. కాబట్టి మన డ్రైవర్లకు గానీ, మన మెకానిక్కులకు గానీ ఈ విద్య తెలియకపోవడంలో తప్పు లేదు. తెలియకుండానే అంత దూరం పంపించడంలోనే తప్పు ఉంది.

డిసెంబరు నెలలో బెంగళూరు ఇళ్లలో కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టి కరిగించుకోవడం అందరికీ తెలిసిందే. డీజిల్‌లో జరిగేది కూడా అటువంటిదే. డీజిల్‌లో సహజంగానే పారాఫిన్ అనే మైనం కరిగి ఉంటుంది. ఇంజనులో అది చక్కగా మండుతుంది కనుక మామూలు రోజుల్లో అది మేలు చేసే పదార్థమే. చలి ముదిరేకొద్దీ ఈ మైనం సన్నని పలుకులుగా విడిపోయి, ముందు డీజిల్ మబ్బుపట్టినట్టు మసకబారుతుంది. ఆ తరువాత ఆ పలుకులు ఒకదానికొకటి అతుక్కొని ఫిల్టరును మూసేస్తాయి. ఇంకా చలి పెరిగితే డీజిల్ మొత్తం పేరుకుపోయి, ట్యాంకును వంచినా కదలదు. బండి ఆగిపోవడానికి మూడో దశ దాకా పోవలసిన పని లేదు. డీజిల్ ఫిల్టరులోని రంధ్రాలు మన తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండవు కనుక, ట్యాంకులో డీజిల్ ఇంకా ద్రవంగానే కదులుతున్నా ఫిల్టరు దగ్గర దారి మూసుకుపోతుంది.

మాకు జరిగింది సరిగ్గా ఇదే. నేను, మా అల్లుడు, మా తమ్ముడి కుటుంబం కలిసి రెండు డీజిల్ బండ్లలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహుల్ లోయకు వెళ్లాము. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరుచుకున్నప్పటి నుంచి, మంచుకాలంలో మూసుకుపోయే రోహ్‌తంగ్ కనుమ ఎక్కకుండానే మనాలి నుంచి అటువైపు దాటే వీలు కలిగింది. మైదానంలో పంజాబు దాటుతుండగా, కొండల్లో బంకులు ఎక్కడ ఉంటాయో అన్న భయంతో రెండు బండ్లకూ ట్యాంకు నిండా పోయించాము. అరవై లీటర్ల ట్యాంకులో కొండ ఎక్కేసరికి ఇరవై అయిదు లీటర్లు ఖర్చయ్యాయి, మిగిలిన ముప్పై అయిదు లీటర్ల మైదానపు డీజిల్‌తోనే ఆ రాత్రి బండిని బస ముందు నిలిపాము. దారిలో కొండ మీది బంకు ఒకటి కనిపించింది, ట్యాంకులో సగానికి పైగా ఉంది కదా అని ఆగలేదు. ఆ నిర్ణయం నాదే.

మర్నాడు ఏడు గంటలకు చలి మైనస్ 15 దాటింది. మా అల్లుడు తాళం తిప్పి, హీటరు ప్లగ్గుల దీపం ఆరేదాకా ఆగి, సెల్ఫ్ కొట్టాడు. బండి రెండో ప్రయత్నంలోనే లేచింది. అందరమూ సంతోషించాము. ఒకటిన్నర నిమిషం బాగానే తిరిగి, ఆ తరువాత ఊపిరి అందని మనిషిలా రొప్పి ఆగిపోయింది. ఈ లక్షణాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. అసలు స్టార్టు కాకపోతే అనుమానం బ్యాటరీ మీదికీ, హీటరు ప్లగ్గుల మీదికీ పోవాలి. లేచి, ఫిల్టరుకు అవతల గొట్టాల్లో మిగిలిన కాస్త డీజిల్ అయ్యేదాకా తిరిగి ఆగిపోతే మాత్రం ఫిల్టరులో మైనం పట్టిందని అర్థం. అప్పుడు పదే పదే సెల్ఫ్ కొట్టడం వల్ల బ్యాటరీ దిగిపోవడం తప్ప మరేమీ జరగదు.

ఫిల్టరు అడుగున నీళ్లు వదిలే మరను విప్పి, చేతిలో ఉన్న స్టీలు గ్లాసు పట్టాను. ధారగా రావలసినది చుక్కలు చుక్కలుగా దిగింది. గ్లాసులో పడినది అప్పుడే పేరుకోవడం మొదలుపెట్టిన నెయ్యిలా పలుకులు పలుకులుగా, తెల్లగా, మసకగా ఉంది. వేలితో రాస్తే వేళ్ల మధ్య మైనంలా అంటుకొని, వేలి వేడికి మెల్లగా కరిగింది. ముప్పై ఏళ్లు రోజూ నా చేతులకు అంటుకున్న డీజిల్ అదేనంటే నమ్మలేకపోయాను.

అంతలో బస పక్కన లారీ నిలుపుకున్న ఒక డ్రైవరు ఆదరంతో ఒక పాత రేకులో నిప్పు కణికలు తెచ్చి, ట్యాంకు కింద పెడదామన్నాడు. అక్కడి దారుల్లో చాలాకాలంగా నడుస్తున్న పద్ధతే అదని చెప్పాడు. అతని మనసు మంచిదే, కానీ నేను ఒప్పుకోలేదు. ఇప్పటి బండ్లలో ట్యాంకు చాలామటుకు ప్లాస్టిక్‌ది. డీజిల్ గొట్టాలు, కరెంటు తీగలు, బ్రేకు పైపులు అన్నీ దాని చుట్టూనే పోతాయి. పిల్లలు బండి చుట్టూ తిరుగుతున్నారు. ఒక్క నిప్పురవ్వ చాలు. బదులుగా బస వంటింట్లోంచి బాగా వేడి నీళ్లు, మరిగేవి కాదు, తెప్పించి, మందపాటి గుడ్డను ముంచి పిండి ఫిల్టరు చుట్టూ చుట్టి, చల్లారగానే మళ్లీ మార్చాము. కరెంటు కనెక్షన్ల మీద నీళ్లు పడకుండా జాగ్రత్తపడ్డాము, పని అయ్యాక తడి లేకుండా తుడిచాము, ఎందుకంటే అక్కడ తడి నిమిషాల్లో మంచు అవుతుంది. ఎండ లోయలోకి దిగి బండి మీద పడేసరికి పదకొండయింది. వెంట తీసుకెళ్లిన కొత్త ఫిల్టరు బిగించి, చేతి పంపుతో గాలి తీసి, మధ్యాహ్నం కదిలాము. వేడి, ఓపిక, కొత్త ఫిల్టరు తప్ప మైనం పట్టిన డీజిల్‌కు వేరే మందు లేదు. అంగట్లో దొరికే, మైనాన్ని అడ్డుకునే రసాయనాలు కూడా పలుకులు పెరగకుండా ముందే ఆపగలవు గానీ, ఒకసారి కట్టిన పలుకులను కరిగించలేవు. కనుక వాటిని చలిలోకి ప్రవేశించక ముందే, ట్యాంకులోని డీజిల్ వెచ్చగా ఉండగానే కలపాలి.

ఇక్కడే నా ముఖ్యమైన విజ్ఞప్తి ఉంది. మన దేశంలో డీజిల్‌కు ఐఎస్ 1460 అనే ప్రమాణం ఉంది. చలికి ఫిల్టరు మూసుకుపోయే ఉష్ణోగ్రత శీతకాలపు సరుకుకు సున్నాకు పైన 6 డిగ్రీలు, వేసవి సరుకుకు 18 డిగ్రీలు మించకూడదని అది చెబుతుంది. ఈ అంకెలు పై హద్దులు మాత్రమే, అసలు సరుకు ఇంతకంటే మెరుగ్గా ఉండవచ్చు. కానీ కొనేవాడికి దక్కే హామీ అంతవరకే. మరోవైపు ఇండియన్ ఆయిల్ సంస్థ 2019 నవంబరులో లద్దాఖ్, కార్గిల్, కాజా, కీలాంగ్ వంటి చలి ప్రాంతాల కోసం ప్రత్యేక శీతకాల డీజిల్‌ను తెచ్చింది. పానిపట్ రిఫైనరీ తయారు చేసే ఆ సరుకు మైనస్ 33 డిగ్రీల వరకు పేరుకోదని ప్రకటించింది. ఈ రెండింటినీ రెండు గ్లాసుల్లో పోసి పక్కపక్కన పెడితే నా వంటి పనివాడు కూడా తేడా చెప్పలేడు. బంకులో డీజిల్ పోసే యంత్రం మీద ఆనాటి సాంద్రత ఎంతో చూపించే ఏర్పాటు ఇప్పటికే ఉంది. దాని పక్కనే ఈ డీజిల్ ఎంత చలిదాకా ఫిల్టరులో పారుతుందో కూడా ఒక అంకె రాస్తే, మైదానం దాటి కొండ ఎక్కే ప్రతి యాత్రికుడికీ, ప్రతి లారీ డ్రైవరుకూ తన ట్యాంకులో ఏముందో తెలుస్తుంది. కొత్త యంత్రాలు అక్కర లేదు, పరీక్ష కొత్తది కాదు. ఆయా సంస్థలు తమ సరుకు ప్రమాణానికి సరిపోతోందో లేదో చూసేందుకు చేసే పరీక్షలో ఆ అంకె వాటి చేతిలో ఉండనే ఉంటుంది. హిమాచల్‌కూ, కాశ్మీరుకూ దారితీసే రహదారుల మీది బంకుల్లోనైనా నవంబరు నుంచి మార్చి వరకు ఈ పలక పెట్టించవలసిందిగా చమురు సంస్థలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఆ పలక వచ్చేలోగా వెళ్లేవారు చేయవలసింది ఒక్కటే. మైదానంలో ట్యాంకు నింపకుండా, కొండ ఎక్కడానికి సరిపడా పోయించుకొని, చలి ప్రాంతంలోని బంకుకు ట్యాంకు తక్కువగా ఉండగా చేరి, అక్కడి డీజిల్‌తో నిండా పోయించాలి. ఏ సరుకు అమ్ముతున్నారో నోరు తెరిచి అడగాలి. పోయించిన వెంటనే బండిని బస దగ్గర నిలిపేస్తే పాత డీజిల్ గొట్టాల్లోనూ, ఫిల్టరులోనూ అలాగే ఉండిపోతుంది కాబట్టి, కొత్తది అంతటా చేరేలా కనీసం పది పదిహేను కిలోమీటర్లు నడిపి అప్పుడు నిలపాలి. ట్యాంకు నిండుగా ఉంటే లోపలి గాలిలోని తేమ నీరై డీజిల్‌లో కలవడం కూడా తగ్గుతుంది. ఆ నీరు ఫిల్టరులో చేరి మంచుగడ్డ అయితే అది మైనం కన్నా మొండిది, అందుకే బయలుదేరే ముందు ఫిల్టరు అడుగు నీళ్లు వదిలించడం మరువకూడదు.

డీజిల్ సంగతి ఇలా ఉండగా, మనవాళ్లు పట్టించుకోని మరో విషయం ఉంది. బెంగళూరులో పోయించుకున్న డీజిల్ నాగపూర్ చేరేలోగానే అయిపోతుంది, చలి దేశానికి అది చేరనే చేరదు. ఇక్కడి నుంచి మనం అక్కడిదాకా మోసుకుపోయేది రేడియేటరులోని నీళ్లు, పాత బ్యాటరీ, ఇంజను ఆయిలు. మా తమ్ముడి బండికి బయలుదేరే ముందు ఇక్కడి ఒక గ్యారేజీలో సర్వీసు చేయించాడు. కూలెంటు, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం, తగ్గిందని వాళ్లు కుళాయి నీళ్లు కలిపారు. బెంగళూరులో ఏడాదంతా అలాగే నడుస్తుంది కనుక ఎవరూ తప్పుపట్టరు. లాహుల్‌లో రెండో రాత్రి ఆ నీళ్లు గడ్డకట్టాయి. నీరు మంచయితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు ఇనుము కూడా చోటిస్తుంది. ఇంజను బ్లాకు పక్కన రూపాయి బిళ్లలా బిగించి ఉండే రేకు మూత ఒకటి బయటికి తోసుకొచ్చి, దాని అంచున మంచు మొలక కనిపించింది. మంచు కరగగానే అక్కడి నుంచి నీళ్లు కారడం మొదలైంది. బ్లాకు పగలకపోవడం మా అదృష్టం. పగిలి ఉంటే ఆ ఇంజను అక్కడితో సరి.

కూలెంటును గడ్డకట్టకుండా కాపాడేది అందులోని గ్లైకాలు అనే రసాయనం. గ్లైకాలు సగం, నీళ్లు సగం కలిపితే అది సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకోవడం పొరపాటు, నీళ్లు కలపని చిక్కటి గ్లైకాలు మైనస్ 13 దగ్గరే గట్టిపడుతుంది. కాబట్టి పాతది పూర్తిగా వదిలించి, డిస్టిల్డ్ వాటర్‌తో సమపాళ్లలో కొత్తగా పోయించాలి. ఉన్నదాని మీద కాస్త పోయించి సరిపెట్టుకోకూడదు. ఈ పని బెంగళూరులో గంటసేపటిది.

బ్యాటరీ గురించి రెండు మాటలు. మైనస్ 18 ప్రాంతంలో బ్యాటరీ ఇవ్వగల శక్తి సుమారు సగానికి పడిపోతుంది. అదే సమయంలో చిక్కబడిన ఆయిలులో ఇంజనును తిప్పడానికి రెట్టింపు బలం కావాలి. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు లేదు, గాలిని నొక్కి నొక్కి 500 డిగ్రీలకు పైగా వేడెక్కిస్తేనే డీజిల్ అంటుకుంటుంది. సెల్ఫ్ నీరసంగా తిరిగితే ఆ వేడి పుట్టేలోగానే చల్లని సిలిండరు గోడలు దాన్ని పీల్చేసుకుంటాయి. మూడేళ్లు దాటిన బ్యాటరీని ఇక్కడే పరీక్ష చేయించి, అవసరమైతే మార్చుకోవాలి. నిండా చార్జి ఉన్న బ్యాటరీలోని ఆసిడ్ మైనస్ 50 లోనూ గడ్డకట్టదు, చార్జి దిగిపోయినది మైనస్ 10 ప్రాంతంలోనే గడ్డకడుతుంది. అలా గడ్డకట్టిన బ్యాటరీకి వేరే బండి నుంచి కరెంటు కలిపితే అది పగిలే ప్రమాదం ఉంది. సెల్ఫ్ పది సెకన్లకు మించి పట్టుకోకుండా, మధ్యలో ఒక నిమిషం ఆగాలి. ఆయిలు విషయంలో, ఇక్కడి లారీలకు మనం వాడే 15డబ్ల్యూ40 బదులు, వాహనంతో వచ్చిన పుస్తకం అనుమతిస్తే చలిలో అంతగా చిక్కబడని 5డబ్ల్యూ రకం పోయించుకోవడం మేలు.

2020 ఏప్రిల్ తరువాతి బీఎస్-6 (పొగ కాలుష్యానికి హద్దులు పెట్టే ప్రమాణం) బండ్లలో చాలావాటికి, పొగను శుద్ధి చేసే యూరియా ద్రవం పోసే మరో ట్యాంకు ఉంటుంది. అది మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది. దీనికి కంగారు పడనక్కర లేదు, దాన్ని కరిగించే హీటరు బండిలోనే ఉంటుంది, ఇంజను మామూలుగానే లేస్తుంది. ఉబ్బేందుకు చోటు ఉండేలా కొంచెం వెలితిగా పోస్తే చాలు. అందులో వేడి నీళ్లు గానీ, మరే ద్రవం గానీ కలపరాదు.

డీజిల్‌లో కిరోసిన్ కలిపితే పేరుకోదని చెప్పే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. పాత కాలపు లారీల్లో నా గురువు తరం వాళ్లు అలా చేసేవారన్నది నిజమే, కిరోసిన్ మైనం పట్టే ఉష్ణోగ్రతను కిందికి దింపుతుందన్నదీ నిజమే. కానీ ఇప్పటి పంపు డీజిల్‌ను మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లకు పైగా ఒత్తిడితో నొక్కుతుంది, దానికి డీజిల్ తప్ప వేరే కందెన లేదు. కిరోసిన్‌కు ఆ జిడ్డు లేదు. బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 10 పాళ్లు మించకూడదని నియమం ఉండగా, దుకాణపు కిరోసిన్‌లో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. అది పొగను శుద్ధి చేసే భాగాలను పాడుచేస్తుంది. అరిగిన పంపు నుంచి రాలిన ఇనుప రజను నాజిళ్ల దాకా పాకిన బండ్లు నా బల్ల మీదికి వచ్చాయి. నాలుగు నాజిళ్లూ, పంపూ, ట్యాంకూ మార్చవలసిన ఆ ఖర్చు ఒక్కోసారి యాత్ర ఖర్చును మించిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరగా రాస్తున్నాను. పొద్దున స్టార్టు కాదేమోనన్న భయంతో రాత్రంతా ఇంజను తిప్పుతూ బండిలోనే పడుకునేవారు ఉన్నారు. మంచు కురిసి పొగగొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవాడు లేవడు. మూసిన షెడ్డులో ఇంజను తిప్పి ఉంచడం కూడా ఇంతే ప్రమాదం. బండి లేవకపోతే ఒక పూట పోతుంది, అంతే.

మీరు ప్రచురించే యాత్రా వ్యాసాల చివర వాహనం గురించి పది వాక్యాలు చేర్చవలసిందిగానూ, బెంగళూరులో సొంతంగా నడుపుకోవడానికి బండ్లు అద్దెకిచ్చే యజమానులు ఉత్తరాది చలి ప్రాంతాలకు ఇచ్చే బండిలో కూలెంటు, బ్యాటరీ చూపించి మరీ తాళం అప్పగించేలా ఒక మాట రాయవలసిందిగానూ కోరుతున్నాను. వచ్చే జనవరిలో మా అల్లుడు మళ్లీ బయలుదేరుతున్నాడు. "మామయ్యా, ఈసారి ట్యాంకు ఎక్కడ నింపమంటారు?" అని మొన్ననే అడిగాడు. మనాలిలో కాదు, సొరంగం దాటాక అడిగి నింపమని చెప్పాను. రెండు డీజిల్ ఫిల్టర్లు, ఒక చేతిగ్లాసు, మందపాటి గుడ్డలు ఇప్పటికే బండిలో పెట్టి ఉంచాను.

ఇట్లు,
ఒక డీజిల్ పంపు మెకానిక్కు,
కలాసిపాళ్యం, బెంగళూరు